బ్యాలెట్ పెట్టె లేని ఊరి మొగ్గు

సౌదీ తూర్పు తీరంలో రాస్ తనూరా ఊరు చిన్నది, రేవు పెద్దది. 1939 మే 1న అబ్దుల్ అజీజ్ రాజు స్వయంగా వాల్వు తిప్పగా ఆ దేశపు ముడి చమురు మొదటిసారి ట్యాంకరు ఓడకెక్కింది ఇక్కడే. 1945లో రిఫైనరీ వచ్చింది. ఈ ఊరి రాజకీయాన్ని ఓట్ల లెక్కల్లో వెతికితే చేతికందేది కొంచెమే. తూర్పు ప్రాంతంలో 2005 మార్చి 3న మునిసిపల్ పోలింగ్ జరిగింది. పార్టీలకు చోటు లేదు, సగం స్థానాలకే ఎన్నిక, ఓటు మగవాళ్లకే. ఆడవాళ్లు ఓటు వేయడానికి 2015 డిసెంబరు 12 దాకా ఆగాల్సి వచ్చింది. పౌరులు కాని వాళ్లకు, అంటే కోనసీమ నుంచో కరీంనగర్ నుంచో పనికి వెళ్లిన మనవాళ్లకు, ఆ ప్రసక్తే లేదు.

ఓటే లేనప్పుడు జనం ఎటు మొగ్గుతున్నారో కనిపెట్టేదెలా? అబ్దుల్ రహమాన్ మునీఫ్ నవల ‘ఉప్పు నగరాలు’ ఈ పనిని గొప్ప నేర్పుతో చేసింది. మునీఫ్ తండ్రి సౌదీ దేశస్థుడు. తాను 1933లో అమ్మాన్‌లో పుట్టి, బెల్‌గ్రేడ్‌లో చమురు ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, చమురు రంగంలోనే ఉద్యోగం చేశాడు. సౌదీ ప్రభుత్వం అతని పౌరసత్వాన్ని రద్దు చేసింది. అయిదు సంపుటాల ఈ నవలలో మొదటిది 1984లో వెలువడింది. పీటర్ థెరూ ఆంగ్లానువాదం 1987లో వచ్చింది.

మొదటి సంపుటంలోని రేవు పట్నం హర్రాన్ కల్పితం. ఎడారి దాటి వచ్చిన పైపులైను సముద్రాన్ని చేరే చోటు అది. ఒక పక్క కంచె లోపల ఈతకొలనుతో సహా అమెరికన్ల కాలనీ, మరో పక్క కూలీల క్యాంపు. సౌదీ చమురు పట్నాలైన ధహ్రాన్, రాస్ తనూరాల చరిత్ర తెలిసినవాళ్లు పోలికను వెంటనే పట్టేస్తారు.

మునీఫ్ పనితనంలో మొదట మెచ్చుకోవాల్సింది కథానాయకుణ్ణి పంపించేసిన తీరు. వాది అల్ ఉయూన్ అనే ఒయాసిస్సులో ఖర్జూర చెట్లను యంత్రాలు పెకలిస్తుంటే మితెబ్ అల్ హథాల్ ఒంటె ఎక్కి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. ఇంత బలమైన పాత్రను అంత తొందరగా వదులుకోవడానికి రచయితకు గుండె ధైర్యం కావాలి. తర్వాత ఏ అలజడి రేగినా ‘మితెబ్ వచ్చాడట’ అన్న పుకారు పుడుతుంది. ఒకరు చూశానంటారు, ఇంకొకరు కాదంటారు. కథకుడు తీర్పు చెప్పడు. మనిషి మాయమై ఊరి అభిప్రాయంగా మారాడు. నవలకు కేంద్రంగా ఒక వ్యక్తి లేడని 1988లో అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ తప్పుపట్టాడు. నాకు మాత్రం అదే ఈ కట్టడానికి మూలస్తంభంగా తోస్తుంది. ఇందులో మాట్లాడేది ఊరు.

రెండోది, వివరణ లేకుండా వస్తువుల చేత చెప్పించడం. కూలీలను కూడగట్టే ఇబ్న్ రషీద్ వాళ్ల ఒంటెలను వదిలించుకునేలా చేస్తాడు. ఒంటె ఉన్నవాడు నచ్చకపోతే ఎక్కి వెళ్లిపోతాడు. లేనివాడు చమురు కంపెనీ మనిషి. ఈ మాటను మునీఫ్ ఎక్కడా అనడు, ఒంటెలు దూరమయ్యే వేళ మనుషుల ముఖాలను చూపించి ఊరుకుంటాడు. అలాగే హర్రాన్‌ను ఏలే ఎమీరు చేతికి మొదట దుర్బిణి వస్తుంది, తర్వాత రేడియో. దూరపు ఓడలు, దూరపు గొంతులు దగ్గరయ్యే కొద్దీ అతనికి వీధిలో మనుషులు ఆనడం మానేస్తారు.

మూడోది పక్షాలను విడదీసిన పద్ధతి. హర్రాన్‌లో ముఫద్ది అల్ జద్దాన్ అనే నాటువైద్యుడు డబ్బు ముట్టుకోడు. బయటినుంచి వచ్చిన డాక్టర్ సుబ్హీ ఆసుపత్రి పెట్టి ఎమీరుకు సన్నిహితుడవుతాడు. ఎవరు ఎవరి గడప తొక్కుతున్నారో చూస్తే చాలు, ఊరు ఎక్కడ చీలుతోందో తెలిసిపోతుంది. ముఫద్ది జైలుపాలై, చివరికి హత్యకు గురవుతాడు. కంపెనీ ఇరవై ముగ్గురిని పనిలోంచి తీసేస్తుంది. వందల పేజీలుగా విడివిడిగా నడిచిన ఈ పాయలన్నీ సమ్మెలో కలుస్తాయి. తీసేసినవాళ్లను మళ్లీ చేర్చుకోవాలి, ముఫద్దిని చంపిందెవరో తేల్చాలి: అడిగింది ఇంతే. సిద్ధాంతం మాట ఒక్కటీ లేకుండా ఊరి రాజకీయ చైతన్యం మొత్తం ఆ రెండు కోరికల్లో ఇమిడిపోయింది. దీని ముందు ఎమీరుకు మతి చలించే ఘట్టం కాస్త హడావుడిగా అనిపిస్తుంది.

అసలు చరిత్రలో 1953 అక్టోబరులో సౌదీ చమురు కంపెనీ అరాంకో కార్మికులు సుమారు 13,000 మంది పని ఆపారు. వాళ్ల ప్రతినిధులను జైల్లో పెట్టారు. 1956లో సమ్మెలనే నిషేధించారు. నవలలో కంపెనీ దిగివస్తుంది. మునీఫ్ ఆ గెలుపును పండుగ చేయకుండా, తర్వాత ఏం జరగబోతుందోనన్న అనుమానంతో కలిపి రాశాడు.

మన గల్ఫ్ కథలు ఎక్కువగా ఒక మనిషి అప్పు, ఒక ఇంటి ఎదురుచూపు చుట్టూ తిరుగుతాయి. అవి కావలసినవే. ఒక క్యాంపు మొత్తాన్ని, అందులో ఎవరు ఎవర్ని నమ్ముతారు, ఎక్కడ కలుస్తారు, ఏ పుకారును మోస్తారు అన్న లెక్కతో రాయాలనుకునే తెలుగు రచయితకు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు.