పారడైజ్ తగలబడ్డ పూట

2018 నవంబరు 8 తెల్లవారుజామున ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఓ కరెంటు తీగ ఊడిపడింది. ఎనిమిదింటికల్లా మంట పారడైజ్‌లోకి వచ్చేసింది. దాదాపు 26,000 మంది ఉండే ఊరు. ఆ కార్చిచ్చులో 85 మంది పోయారు. ఆ పూట గురించే తీసిన రెండు సినిమాలు నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ ‘ఫైర్ ఇన్ పారడైజ్’ (2019), పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన ‘ది లాస్ట్ బస్’ (2025). మొదటిది ముప్పావుగంట కూడా ఉండదు. నా ఓటు దానికే.

ఊరిని 14 జోన్లుగా విడగొట్టి, వంతులవారీగా ఖాళీ చేయించాలన్నది అధికారుల పథకం. మంట వంతులు చూసుకోలేదు. అందరూ ఒక్కసారే కార్లెక్కేసరికి, కిందికి దిగే ముఖ్యమైన దారి స్కైవే ఎక్కడికక్కడ ఆగిపోయింది. డాక్యుమెంటరీ బలమంతా ఆ ఆగిపోవడాన్ని ఓపిగ్గా చూపించడంలో ఉంది. జనం ఫోన్లలో తీసుకున్న దృశ్యాలవి. పట్టపగలే అర్ధరాత్రిలా చీకటి. ముందు కారు కదలదు, దిగితే ఎటు పరుగెత్తాలో తెలియదు. చాలా ఫ్రేముల్లో నలుపూ ఎరుపూ తప్ప ఏమీ కనపడదు. చూసేవాడికి అసహనం పుడుతుంది, పుట్టాలి కూడా.

గ్రీన్‌గ్రాస్‌కు అంత ఓపిక లేదు. ఆయన సినిమాకు హీరో, 22 మంది పిల్లల్ని స్కూలు బస్సులో దాటించిన డ్రైవరు కెవిన్ మెకే నిజం మనిషే. అయితే సినిమా ఆయనకు అలిగిన కొడుకునీ, జబ్బుపడిన తల్లినీ, విడిపోయిన భార్యనీ ముందే వరసగా పేర్చిపెడుతుంది. మన హీరోలకు ఇంటర్వెల్ దాకా పంచే కష్టాలన్నీ ఈయనకు మొదట్లోనే ముట్టజెప్పారు! నిజంగా బస్సులో ఉన్నది ఇద్దరు టీచర్లు, తెర మీద ఒక్కరే. చివరికి బస్సు మంటల్లోకి దూసుకెళ్తుంది. అసలు ప్రయాణం గంటల తరబడి సాగిన నత్తనడక. పొగకు పిల్లలు మగతలోకి జారుతుంటే మెకే తన చొక్కా చింపి, ఉన్న కాసిని నీళ్లతో ఆ పీలికలు తడిపి, ముక్కుకు అడ్డం పెట్టుకొమ్మని పంచారు. ఆ ఒక్క పనిలో ఉన్న ఉత్కంఠ ముందు మంటల్లో పరుగు తేలిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం కథాచిత్రానిదే పైచేయి. నిప్పు ఎక్కడ పుట్టిందో అది సూటిగా చూపిస్తుంది. దాదాపు వందేళ్ల నాటి టవరు మీద అరిగిపోయిన కొక్కెం అది. ఆ టవరు సొంతదారైన కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ 2020లో 84 మంది మరణాలకు కోర్టులో నేరం ఒప్పుకుంది. చిక్కేమిటంటే, ఇంత చూపించిన సినిమాయే ఆ తర్వాత కెమెరాను మంట కళ్లలా కొండల మీదుగా ఎగరేస్తుంది. మంట రాక్షసి అయిపోయాక కంపెనీ మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది?

రెండూ వదిలేసింది పొగ వెళ్లిన దూరం. అది శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని దాదాపు రెండు వారాలు కమ్మేసింది. నవంబరు 16న అక్కడ బడులు మూసేశారు. ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో ఉన్న మన తెలుగు కుటుంబాలు కూడా ఆ గాలే పీల్చాయి. మంటను కళ్లారా చూసినవాళ్లకంటే పొగ మింగినవాళ్లు ఎన్నో రెట్లు. కిటికీలు బిగించుకుని, ఎన్-95 మాస్కుల కోసం తిరుగుతూ, గాలి నాణ్యత అంకెను ఫోన్లో చూసుకునే బతుకులో పరుగు ఉండదు, విలన్ ఉండడు. గ్రీన్‌గ్రాస్ పద్ధతిలో దాన్ని తీయడం కుదరదు. ఆ డాక్యుమెంటరీలోని నల్లటి ఫోన్ ఫ్రేములే దానికి కాస్త దగ్గరగా వచ్చాయి, అవీ సినిమా కోసం తీసినవి కావు.