మీట నొక్కని గాంధారం

కంప్యూటర్లో వాయించుకునే కొత్త వీణ ప్లగిన్ ఏది చేతికొచ్చినా నేను పెట్టే పరీక్ష ఒకటే: తోడి రాగంలో గాంధారం. వెల ఎంతైనా, ప్రకటనలో ఎన్ని గిగాబైట్లు చెప్పుకున్నా, అక్కడికొచ్చేసరికి తడబడనిది నాకింతవరకూ కనబడలేదు. షడ్జం బాగుంటుంది. పంచమం ఇంకా బాగుంటుంది. తీగకు గోరు తగిలిన చప్పుడు, మెట్టు మీద వేలి రాపిడి, పనసకర్ర కుండ లోపలి మోత అన్నీ వినిపిస్తాయి. గాంధారం మీట నొక్కగానే మాత్రం వీణ పోయి వీణ బొమ్మ మిగులుతుంది. తోడిలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు మరి. రిషభానికీ మధ్యమానికీ మధ్య సాగే ఊగిసలాటకే అక్కడ ఆ పేరు. కంప్యూటర్లో దాచి ఉంచిందేమో ఆ ఎత్తులో కదలక మెదలక నిలబడ్డ ఒక మోత.

ఈ పేచీ ఇప్పటిది కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడప తొక్కనివ్వకుండా నిషేధించింది. ఒక మీటకు ఒకే స్వరం, ఆ స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దారి లేదు, స్వరాన్ని ఊపే గమకం పలకదు, శ్రుతులు కూడా పాశ్చాత్యుల కొలతవే అన్నది ఫిర్యాదు. 1971లో గానీ ఆ తలుపు కాస్తైనా తెరుచుకోలేదు. అన్నాళ్లూ మన పద్యనాటకాల పందిళ్లలో మాత్రం హార్మోనియమే రాజు. నటుడు రాగం ఎత్తుకుంటే హార్మోనిస్టు వెంటపడి, లేని జారును ఉన్నట్టు భ్రమింపజేసేవాడు. పక్కపక్క మెట్లను మెరుపులా తడిమి, బెల్లోస్‌తో గాలి తగ్గించి పెంచి, స్వరాల మధ్య సందును కప్పేసేవాడు. సాఫ్ట్‌వేర్ శాంప్లర్ ఆ హార్మోనియానికి మనవడు. తాత జబ్బే మనవడికీ వచ్చింది. వైద్యం కూడా చాలావరకు తాత కాలం నాటిదే: చేతివాటం.

శాంప్లర్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అసలు వాద్యాన్ని స్వరం స్వరంగా రికార్డు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో మీటకు కట్టి ఉంచే పెట్టె అది. 1960లలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో చేసిన మెలొట్రాన్ ఈ పనిని టేపుతో చేసింది. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క, దాని మీద ఒక స్వరం. నొక్కి పట్టుకుంటే సుమారు 8 సెకన్లు మోగి ఆగిపోయేది. 1979లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ తయారుచేసిన ఫెయిర్‌లైట్ అదే పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. ధర ఇళ్ల ధరలతో పోటీ పడేది, శబ్దం 8 బిట్ల గరుకుది. 1987 నాటి ఎస్పీ-1200 అనే యంత్రం కథ నాకు మరీ ఇష్టం. అందులో పట్టేది మొత్తం కలిపి 10 సెకన్ల శబ్దం. న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్లు ఒక ఉపాయం పట్టారు. 33 వేగంతో తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి, హడావిడిగా ఆ పెట్టెలోకి ఎక్కించి, లోపల మళ్లీ నెమ్మది చేసేవారు. చోటు కలిసొచ్చింది గానీ శబ్దానికి ఇసుక అంటుకున్నట్టు ఒక గరగర వచ్చింది. ఇవాళ ఎంతైనా దాచుకోగల కంప్యూటర్లున్నాయి. ఆ గరగరను అద్దిపెట్టే ప్లగిన్లనేమో డబ్బిచ్చి కొంటున్నాం.

ప్లగిన్ అన్న మాట మన స్టూడియోల్లోకి రావడానికి దారి వేసింది 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన వీఎస్టీ పద్ధతి. మొదట ఎకో, రివర్బ్ లాంటి ఎఫెక్టులు మాత్రమే. 1999లో వాద్యాలు కూడా దాని కిందికి వచ్చాయి. జ్ఞాపకశక్తి చాలని రోజుల్లో గిగాశాంప్లర్ ఒక చిట్కా కనిపెట్టింది: ప్రతి స్వరం మొదలు మాత్రం ర్యామ్‌లో ఉంచి, అది మోగుతుండగానే మిగతాది హార్డ్ డిస్క్ నుంచి లాక్కురావడం. వడ్డించే విస్తట్లో రెండు గరిటెలు, గుండిగ వంటింట్లో. 2002లో వచ్చిన కొంటాక్ట్ ఆ దారినే నడిచింది. ఇప్పుడు సినిమా పాటల్లో మనం వినే తీగవాద్యాల హోరులో చాలామటుకు ఇలా వంటింట్లోంచి వచ్చేదే.

ఇక అసలు పనితనం దగ్గరికి. డప్పునే తీసుకోండి. కుడిచేతి చిర్ర దెబ్బ వేరు, ఎడమచేతి సిటికెన పుల్ల దెబ్బ వేరు. అంచు మీద కొడితే ఒకటి, నడుమ కొడితే ఒకటి. మెల్లగా కొట్టిన దెబ్బను పెద్దగా వినిపించినంత మాత్రాన గట్టి దెబ్బ అయిపోదు. చర్మం సాగే తీరే వేరు, పలుకే వేరు. అందుకని ఒక్కో దెబ్బనూ నాలుగైదు బలాల్లో విడివిడిగా రికార్డు చేయాలి. మీటను ఎంత బలంగా నొక్కామన్నది, కీబోర్డు కంప్యూటర్‌తో మాట్లాడే మిడి భాషలో 1 నుంచి 127 దాకా అంకెగా వస్తుంది, దాన్నిబట్టి ఏ ముక్క మోగాలో శాంప్లర్ తేల్చుకుంటుంది. అంతటితో అయిపోలేదు. ఒకే ముక్క వరసగా నాలుగుసార్లు మోగితే చెవి ఇట్టే పట్టేస్తుంది, డప్పు కాస్తా మిషన్‌గన్ అవుతుంది. అదే బలంతో కొట్టిన దెబ్బనే మళ్లీ మళ్లీ రికార్డు చేసి, వంతులవారీగా మోగించాలి. ఆరు రకాల దెబ్బలు, ఐదు బలాలు, నాలుగు వంతులు అనుకుంటే 120 ముక్కలు. ఈలోగా డప్పు చల్లారిపోతుంది. నిప్పుల సెగ చూపించి బిగిస్తేనే కదా అది పలికేది! చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది. నలభయ్యో దెబ్బకూ తొంభయ్యో దెబ్బకూ మధ్య మళ్లీ సెగ చూపించకపోతే ప్లగిన్‌లో రెండు డప్పులు దూరతాయి. ఏసీ గదిలో నిప్పుల కుంపటి ఎక్కడ పెట్టాలన్నది ఏ మాన్యువల్‌లోనూ రాసి ఉండదు.

ఇంత కష్టపడి పోగేసిన డప్పును మనవాళ్లు చేసే మొదటి పని గ్రిడ్డు మీద తిన్నగా సర్దేయడం. దెబ్బ దెబ్బకూ మధ్య వెంట్రుకవాసి తేడాలో ఉన్న ఊపంతా ఒక్క మౌస్ నొక్కుతో చచ్చిపోతుంది. దాని గురించి మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది.

డప్పుకు దెబ్బ పడ్డాక చేసేదేం లేదు. వీణకు అసలు కథ మీటిన తర్వాతే మొదలవుతుంది. కీబోర్డు ఎడమ కొసన ఉండే పిచ్ బెండ్ చక్రమే ఇక్కడ దిక్కు. మీట బలానికి 127 మెట్లే ఉంటే, ఈ చక్రానికి 16,384 మెట్లున్నాయి. అంత సన్నగా జారగలదు. కానీ పెట్టెలోంచి తీసినప్పుడు అది అటు రెండు, ఇటు రెండు అరస్వరాల దూరమే పోతుంది. తోడి రిషభం నుంచి మధ్యమానికి నాలుగు అరస్వరాలు. కాబట్టి ముందు ఆ హద్దును 12కు పెంచుకోవాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. చక్రం బదులు దాని పక్కనుండే మాడ్ వీల్ తిప్పి, ఎల్‌ఎఫ్‌ఓతో స్వరాన్ని ఊపుతారు. ఎల్‌ఎఫ్‌ఓ గడియారం లోలకం లాంటిది, పైకెంతో కిందికంతే. గమకం అలా ఊగదు. ఒక కొసన రవ్వంత ఆగుతుంది, రెండో కొసకు పరుగెత్తుతుంది, ఒక్కోసారి అక్కడిదాకా పోకుండానే వెనక్కి వస్తుంది. మాడ్ వీల్‌తో వచ్చేది తోడి కాదు, చలిజ్వరం.

హద్దు పెంచాక ఇంకో చిక్కు. శాంపిల్‌ను నాలుగు అరస్వరాలు పైకి లాగితే తీగ ఒక్కటే బిగుసుకోదు, దాంతోపాటు కుండ కూడా కుంచించుకుపోయినట్టు వినిపిస్తుంది. నిజం వీణలో తీగ లాగితే బిగువు మారుతుంది గానీ పనసకర్ర కుండ ఎక్కడిదక్కడే ఉంటుంది. మంచి ప్లగిన్లు జారు మధ్యలో చెవికి తెలియకుండా ఒక ముక్క నుంచి పక్క ముక్కకు చేయి మార్చుకుంటాయి. మరికొన్ని రికార్డింగే వద్దని తీగనే లెక్కగా కట్టుకుంటాయి. కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ 1983లో ప్రచురించిన సూత్రం ఈ దారికి పాదు: చిటికెడు రొదను ఒక చిన్న వలయంలో తిప్పుతూ, చుట్టు చుట్టుకూ కాస్త మెత్తబరిస్తే మీటిన తీగలా పలుకుతుంది. తీగ ఒక లెక్క, కుండ ఇంకో లెక్క కాబట్టి దాన్ని లాగినా దీనికేం కాదు. అయితే నా చెవికి ఇవి ఇంకా కాస్త పొడిగానే ఉంటాయి. దుమ్ము లేని ఇల్లులాగ.

ఇంకో తప్పు అందరం చేసేదే, నేనూ చేశాను. వీణ మోత మీటిన క్షణం నుంచీ తరుగుతూ పోతుంది, గమకం ఆ తరుగుదలలోనే సాగుతుంది. శబ్దాన్ని తనే పుట్టించే సింథ్ అలవాటున్న చేయి స్వరాన్ని తరగకుండా నిలిపి ఊపుతుంది. అది అంబులెన్స్ సైరన్.

సింథ్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఊపుడుకూ పలుకుకూ ఉన్న చుట్టరికాన్ని బయటపెట్టినవాడు స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ చౌనింగ్. 1967లో కంప్యూటర్ మీద స్వరాన్ని ఊపుతూ, ఆ వేగాన్ని పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటాక చెవికి ఊపు వినిపించడం మానేసింది. కొత్త పలుకు వినిపించింది, గంటలాగ, కంచులాగ. ఆ పద్ధతిని యమహా తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డుగా అమ్మింది. ఎనభైల పాటల్లో గాజు గ్లాసులు తగిలినట్టు మోగే ఆ పియానో ఇదే. ఇప్పుడు అది ఉచిత ప్లగిన్‌గా కూడా దొరుకుతుంది. నా వరకు, శాంప్లర్ కన్నా సింథ్ నిజాయితీ గలది. నేను వీణనని అది ఎప్పుడూ చెప్పుకోలేదు.

చరణ్‌జిత్ సింగ్ ఈ సంగతి మనకన్నా ముందే పట్టాడు. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఆయన 1982లో పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. వాడినవి రోలాండ్ వారి మూడు యంత్రాలు: జూపిటర్-8, టీఆర్-808, టీబీ-303. ఇందులో 303 బేస్ గిటారిస్టుకు బదులుగా చేసిన చిన్న పెట్టె. గిటారు అన్నవాడు దాన్ని విని నవ్వాడు, బజారులో అమ్ముడుపోలేదు. కానీ దానికి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారే గుణం ఉంది. రాగానికి కావలసింది అదే. ఆ రికార్డును అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. ఐదేళ్లకు షికాగో కుర్రాళ్లు అదే పెట్టె మరలు తిప్పి యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టించారు. 1997లో స్వీడన్ వాళ్ల రీబర్త్ అనే సాఫ్ట్‌వేర్ 303ని తెర మీదికి తెచ్చింది. 2010లో సింగ్ రికార్డు మళ్లీ విడుదలయ్యాక, ఇది నిజంగా 1982 నాటిదేనా అని ప్రపంచం ముక్కున వేలేసుకుంది.

జారును చంపే ప్లగిన్ కూడా ఒకటి చెప్పాలి. ఆండీ హిల్డెబ్రాండ్ భూమిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చమురు జాడ తీసే లెక్కల్లో ఆరితేరినవాడు. అదే లెక్కతో పాటగాడి శ్రుతి పట్టి సరిదిద్దే ఆటో-ట్యూన్‌ను 1997లో తెచ్చాడు. నెమ్మదిగా పనిచేయిస్తే అది మర్యాదస్తురాలైన పనిమంతురాలు. దిద్దే వేగాన్ని కొసకు తిప్పితే ప్రతి జారునూ మెట్లుగా నరుకుతుంది. అలా నరికిన గొంతుకూ ఒక అందం ఉంది, కాదనను. నా గొడవల్లా వేరు. చక్కగా సంగతులు వేసిన గాయని ట్రాక్ మీద కూడా, వినకుండానే, అలవాటుగా దాన్ని తగిలించేవాళ్లతో.

రివర్బ్, అంటే ఒక చోటు తిరిగిచ్చే మోత గురించి చెప్పాలంటే గోల్కొండ కోట చాలు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలా హిస్సార్ మీద వినిపిస్తుందని గైడు కొట్టి చూపిస్తాడు. కన్వల్యూషన్ రివర్బ్ చేసేవాళ్ల పనీ అదే: ఒక చోట ఒక్క చప్పుడు చేసి, ఆ చోటు దానికి ఏం జవాబిస్తుందో రికార్డు చేసుకుంటారు. ఆ జవాబును ఏ శబ్దానికైనా పూయవచ్చు. 1957 నాటి ఈఎంటీ 140 అనే రివర్బ్ యంత్రం పెట్టెలో వేలాడే ఇనపరేకు, బరువు సుమారు 270 కిలోలు. దాని జవాబు ఇప్పుడు ఫోన్లో పడుతుంది. నేను ఒకసారి మా ఊరి దిగుడుబావిలో బెలూన్ పగలగొట్టి రికార్డు చేసుకొచ్చాను. అప్పట్నుంచి నా పాటల్లో వేణువులన్నీ ఆ బావిలోనే మోగుతున్నాయి. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఈ విద్య వల్ల ఒరిగిందేమిటి? సర్జ్, వైటల్ లాంటి సింథ్‌లు ఉచితం. కాలేజీ హాస్టల్లో మంచం మీద కూర్చుని పాట కట్టే కుర్రాడికి ఒకప్పటి మద్రాసు స్టూడియో మొత్తం ఒళ్లోనే ఉంది. పోయింది కూడా ఉంది. వీణావిద్వాంసురాలు ఒక్కరోజు శాంపిళ్లు ఇస్తే, ఆ తర్వాత వెయ్యి పాటల్లో ఆవిడ వేళ్లే మోగుతాయి, వెయ్యి పాటలకూ ఆవిడను పిలవరు. ఆ ఒక్కరోజు కూలి ఎంత ఇవ్వాలన్న లెక్క ఇంకా ఎవరూ సరిగ్గా వేయలేదు. నేను కూడా పిలవని పాటలున్నాయి.

ఆ మొహమాటంతోనే ఒకసారి తోడి బిట్ ఒకటి తయారుచేసి, తెలిసిన ఒక పెద్దావిడకు వినిపించాను. నలభై ఏళ్లుగా వీణ నేర్పుతున్న మనిషి. గాంధారం మీద నేను మూడు రోజులు కూర్చుని బెండ్ గీత గీశాను, ఆగడం, పరుగు, వెనక్కి రావడం అన్నీ పెట్టి. ఆవిడ కళ్లు మూసుకుని విని, “బాబూ, గాంధారం మెట్టు మీద వేలెందుకు పెట్టావు?” అన్నారు.

“గాంధారానికి గాంధారమే కదండీ నొక్కాలి?”

“నొక్కకూడదు. వేలు రిషభం మీదే ఉంటుంది. అక్కడ మీటి, తీగను మధ్యమం దాకా లాగి వదులుతాం. గాంధారం ఆ దారిలో వినపడుతుంది, అంతే.”

ఇంటికొచ్చి, స్వరాలను గళ్లుగా చూపించే పియానో రోల్ తెరిచాను. గాంధారమైన డి షార్ప్ మీద ఉన్న గడిని చెరిపేసి, రిషభమైన సి షార్ప్ మీద కొత్త గడి పెట్టాను. బెండ్ గీతను సున్నా నుంచి మొదలుపెట్టి 2,731 దాకా లాగాను. హద్దు 12 ఉన్నప్పుడు నాలుగు అరస్వరాలంటే అంతే. స్పేస్ బార్ నొక్కాను.