చీలల క్లాంపు

వెడల్పాటి బల్ల పైభాగానికి సరిపడే పలక ఒక్క చెట్టు నుంచి దొరకడం ఇప్పుడు అరుదు. నాలుగైదు టేకు పలకల అంచులు చిత్రిక పట్టి, జిగురు రాసి, పక్కపక్కన చేర్చి బిగిస్తేనే ఆ వెడల్పు వస్తుంది. ఇలా బిగించడానికి ఇనుప క్లాంపులే కావాలని, అవి కొనలేనివాళ్లే చెక్కతో సరిపెట్టుకుంటారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. రెండు రీపర్లు, రెండు బోల్టులు, ఒక జత చీలలతో వడ్రంగి తానే తయారుచేసుకునే క్లాంపు, పలకలు అతికే పనికి ఇనుప క్లాంపు కంటే బాగా నప్పుతుంది. అందుకు కారణం దాని ధరలో లేదు, అది పనిచేసే తీరులో ఉంది.

పలకల కింద ఒక రీపర్, పైన ఒక రీపర్ అడ్డంగా వస్తాయి. రెండింటికీ ఒకే కొలతలో, రెండేసి అంగుళాల దూరంలో రంధ్రాలు ఉంటాయి. ఒక చివర పైనుంచి కిందికి బోల్టు దిగుతుంది, పలకల అంచు ఒక తుక్కు చెక్కను ఆనుకుని ఆ బోల్టు దగ్గర ఆగుతుంది. రెండో చివర, పలకల వెడల్పును బట్టి తగిన రంధ్రంలో ఇంకో బోల్టు దించి, దానికీ పలకకూ మధ్య చీలలు కొడతారు. ఒక చివర మందంగా, మరో చివర పలచగా చెక్కిన ఆ చీలలు రెండూ ఎదురెదురుగా రావాలి. ఒక్కదాన్నే కొడితే ఏటవాలు ముఖం పలకను పక్కకు నెడుతుంది. జతగా కొడితే బయటి ముఖాలు సమాంతరంగా ఉండి, ఒత్తిడి అంచుకు నిటారుగా పడుతుంది. 8 అంగుళాల పొడవుకు 1 అంగుళం వాలు చాలు. అంటే సుమారు 7 డిగ్రీలు. అంత తక్కువ వాలులో చెక్కకూ చెక్కకూ ఉండే రాపిడే చీలను వెనక్కి జారనివ్వదు. తుమ్మలాంటి గట్టి కర్రతో చేస్తే సుత్తి దెబ్బకు తొందరగా చితకదు. గొడ్డలి కామ వదులైనప్పుడు మన పల్లెల్లో చీల కొట్టి బిగించేదీ ఈ సూత్రంతోనే.

ఇనుప బార్ క్లాంపుతో వచ్చే చిక్కు ఇక్కడే తెలుస్తుంది. దాని స్క్రూ, కడ్డీకి ఒక పక్కగా ఉంటుంది. గట్టిగా తిప్పేకొద్దీ కడ్డీ వంగుతుంది, దానితోపాటు పలకలూ విల్లులా లేస్తాయి. అందుకే ఒకటి కింద, ఒకటి పైన మార్చి మార్చి పెడతారు. చెక్క క్లాంపులో ఒత్తిడి రెండు రీపర్ల నడుమ నుంచి పోతుంది కాబట్టి, పలకలు పైకి లేద్దామన్నా వాటికి దారి ఉండదు. ఇంకో లాభమూ ఉంది. తుమ్మలాగా వగరు ఎక్కువున్న కర్రకు తడి జిగురు మీద ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది, చెక్క రీపర్ తగిలితే పడదు. రీపర్‌కు జిగురు అంటకుండా కొంచెం మైనం రుద్దితే చాలు.

అంత ఒత్తిడి చీలతో వస్తుందా అనే ప్రశ్న సహేతుకమే. మెత్తటి కర్రకు జిగురు తయారీదార్లు చెప్పే ఒత్తిడి చదరపు అంగుళానికి 100 పౌండ్లకు తగ్గదు. మూడడుగుల పొడవు, అంగుళం మందం ఉన్న అతుకుకు 36 చదరపు అంగుళాలు, అంటే 3,600 పౌండ్లు, దాదాపు 1,600 కిలోలు. నాలుగు క్లాంపులకు పంచితే ఒక్కోదానికి 400 కిలోలు. గట్టి కర్రకు ఇంకా ఎక్కువే అడుగుతారు. ఈ అంకెలు చూసి జంకేవారు ఒత్తిడి ఎందుకో కూడా ఆలోచించాలి. జిగురును పలచటి పొరగా పరిచి, రెండు అంచులనూ పూర్తిగా తాకించడమే దాని పని. అంచులు సరిగ్గా చిత్రిక పడితే చిన్న ఒత్తిడికే ఆ తాకిడి వస్తుంది. వంకర అంచును బలవంతంగా మూసిన క్లాంపు తప్పును దాచిపెడుతుంది, ఆ ఒత్తిడి అతుకులోనే నిలిచిపోయి తర్వాత విచ్చుకుంటుంది. చీలల క్లాంపుకు అంత బలవంతం చేసే శక్తి లేకపోవడం నా దృష్టిలో మంచిదే. జిగురు రాయకముందు ఒకసారి పొడిగా బిగించి చూస్తే, చీల రెండు దెబ్బలకే సందు మూసుకోకపోతే, మళ్లీ చిత్రిక పట్టాలన్నమాట.

మంచి వడ్రంగులు దీన్నే ఇంకో మెట్టు ముందుకు తీసుకెళతారు. అంచు నడిమిభాగాన్ని వెంట్రుకవాసి లోతుగా చిత్రిక పడతారు. నడుమ ఒక్క క్లాంపు బిగించగానే చివరలు గట్టిగా ఒత్తుకుంటాయి. పలక చివరల నుంచే తేమ త్వరగా పోతుంది, అక్కడే ముందు కుంచించుకుని అతుకు విచ్చుకోవడం మొదలవుతుంది. ఆ అదనపు ఒత్తిడి అక్కడే కాపు కాస్తుంది.

వందల పలకలు అతికే కార్ఖానాలో చీలలు కొడుతూ కూర్చోలేరన్నది నిజం. అక్కడ స్క్రూ క్లాంపు, హైడ్రాలిక్ ప్రెస్ ఉండాల్సిందే. కానీ ఇంటి వెనక షెడ్డులో, చిన్న వడ్రంగి దుకాణంలో రోజుకు ఒకటి రెండు పలకలు అతికేవారికి ఆ వేగంతో పనిలేదు. జిగురు తొందరగా ఆరిపోతుందన్న భయం కూడా ముందే అన్నీ కొలిచి పెట్టుకుంటే ఉండదు. తెల్ల జిగురు రాశాక చేర్చడానికి కొన్ని నిమిషాలే దొరుకుతాయి, ఎండాకాలంలో ఇంకా తక్కువ. టేకుకైతే మరో జాగ్రత్త ఉంది. దాని నూనె పైకి రాకముందే, చిత్రిక పట్టిన రోజే జిగురు రాయాలి.

క్లాంపు విప్పేటప్పుడు చీల పలచటి చివర తట్టితే చాలు, వదులవుతుంది. విప్పిన వెంటనే చిత్రిక పట్టకూడదు. జిగురులోని నీళ్లు తాగి అతుకు పక్క కర్ర ఉబ్బి ఉంటుంది. అప్పుడు చదును చేస్తే ఆరాక అతుకు వెంట సన్నటి గుంట తేలుతుంది. రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టి, కనీసం ఒక రోజు ఆగిన తర్వాతే చిత్రిక చేతికి తీసుకోవాలి.