పాటకు పక్కన కూర్చున్న పాండిత్యం

అన్నవరపు రామస్వామిగారి వయొలిన్ విలువ తెలియాలంటే గాయకుడు ఆగిన చోట చెవి పెట్టాలి. ఆలాపనలో పాడేవారు ఊపిరి తీసుకునేలోపు, వాళ్లు వదిలిన స్వరాన్ని కమాను సన్నగా నిలబెట్టి ఉంచుతుంది. గొంతు మళ్లీ లేవగానే తగ్గిపోతుంది. వినేవారికి పాట ఎక్కడా తెగినట్టు ఉండదు. పక్కవాద్యం పనంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ఆయన 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. త్యాగరాజస్వామి నుంచి మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి మీదుగా వచ్చిన శిష్యపరంపర అది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారూ ఆ గురువు శిష్యులే. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణిలో రామస్వామిగారు దశాబ్దాల పాటు నిలయ విద్వాంసులు. రేడియోలో ఇవాళ ఒక గొంతు, రేపు మరొకటి. శ్రుతి మారిన ప్రతిసారీ నాలుగు తంతులూ కొత్తగా సవరించుకోవాలి, వేళ్లు ఆ శ్రుతికి వెంటనే అలవాటు పడాలి.

బాలమురళిగారి పక్కన వాయించడమంటే ఇంకో పరీక్ష. ఆయన సృష్టించిన మహతి రాగమే చూడండి. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. నాలుగు స్వరాలు. తంతి మీద జారడానికి అలవాటు పడ్డ వేలు షడ్జం నుంచి గాంధారానికి వెళ్తూ దారిలో రిషభాన్ని తాకిందా, రాగం చెడింది. పైగా గాయకుడు ఇరవై నిమిషాలు పాడినా, తన వంతు వచ్చినప్పుడు నాలుగైదు నిమిషాల్లో సారం చెప్పి దించేయాలి. ఎంత తెలిసినా అంతకు మించి చెప్పకపోవడానికి చాలా పాండిత్యం కావాలి.

పాశ్చాత్య సంగీతంలో ఇలాంటి పనికే జీవితం ఇచ్చినవాడు ఇంగ్లాండుకు చెందిన పియానో విద్వాంసుడు జెరాల్డ్ మూర్. 1967లో లండన్‌లో ఆయన వీడ్కోలు కచేరీకి శ్వార్జ్‌కాఫ్, ఫిషర్-డీస్కావ్ లాంటి మేటి గాయకులు వచ్చి పాడారు. మూర్ ముందు రాసిన స్వరాలుండేవి. మన వయొలిన్ విద్వాంసుడికి ఆలాపనలోనూ స్వరకల్పనలోనూ వచ్చే సంగతి ఏమిటో ముందుగా తెలియదు. విన్న క్షణంలోనే వాయించాలి.

ఇవాళ హైదరాబాదులో ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ స్టూడియోల్లోకి వెళ్తే, గాయకుడు ఒకరోజు, వాద్యకారుడు మరోరోజు విడివిడిగా రికార్డు చేయడం మామూలైంది. పాట శుభ్రంగానే వస్తుంది. ఒకరి ఊపిరి ఇంకొకరు వినే అవకాశం మాత్రం పోయింది. ఆ లోటు నన్ను బాధిస్తుంది.

రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయించిన పాత కచేరీ ఏదైనా దొరికితే, ఒక్కసారి గాయకుణ్ణి వదిలి వయొలిన్ వెంటే వెళ్లి వినండి. కచేరీ గురించి రాసేవారు, చెప్పేవారు పక్కవాద్యం పేరును చివరి వాక్యానికి నెట్టకండి.