యుద్ధవార్తాలేఖనమునఁ బ్రత్యక్షపరోక్ష వివేకము

రణభూమియందు నిలిచి వ్రాసినవాఁడు కావున వాని వ్రాఁత యంతయుఁ బ్రత్యక్షప్రమాణమే యని తలఁచుట చదువరులలోఁ బ్రబలిన యభిప్రాయము. ఇది విచారసహము కాదు. అట్టివాఁడు చూచిన దెంత, విన్న దెంత, ఊహించిన దెంత యను విభాగము తెలియక వాని లేఖలకు విలువ కట్టరాదు. ఈ విచారమునకుఁ దగిన లక్ష్యములు లండను నగరపు టైమ్సు పత్రికకు విలియం హోవర్డు రస్సెల్ వ్రాసిన క్రిమియా యుద్ధలేఖలు. అతనికి ముందు యుద్ధవార్తలు వ్రాసినవారు లేకపోలేదు. కాని సేనాపతుల యధికారపత్రములపై నాధారపడుచుండిన చదువరులకు స్వతంత్రుఁడైన సాక్షి యొకఁడు లభించి, ఆ సాక్ష్యము మంత్రివర్గమును గదలించుట 1854, 1855 సంవత్సరముల యీ లేఖలవలననే విశదమయ్యెను.

ఈ విభాగమునకు లక్షణము వ్యాకరణమునందే కలదు. పాణిని భూతకాలమును మూఁడు లకారములకుఁ బంచెను. సామాన్యభూతమునకు లుఙ్, నేఁటిది కాని భూతమునకు లఙ్, నేఁటిది గాక వక్త కంటఁబడని భూతమునకు లిట్. వక్త చూడకపోయినను లోకప్రసిద్ధమై, అతఁడు చూడఁదగియుండిన సంగతికి లఙ్ చెల్లునని కాత్యాయనుఁడు వార్తికమున విశేషించెను. దానికిఁ బతంజలి యిచ్చిన యుదాహరణము యవనుఁడు సాకేతమును ముట్టడించిన సంగతి. ప్రత్యక్షపరోక్షముల యెల్లను నిర్ణయించుచోట నుదాహృతమైనది యుద్ధవార్తయే యగుట గమనింపఁదగినది. ఆ ప్రకరణముననే శాకటాయనుని కథ కలదు. రథమార్గమునఁ గూర్చుండియు, తన యెదుటఁ బోవుచున్న బండ్లబారు నతఁడు గమనింపలేదు. మనస్సు కూడని యింద్రియము గ్రహింపదని భాష్యకారుని యాశయము. చోట నుండుట వేఱు, చూచుట వేఱు.

తెలుఁగు క్రియకు నీ భేదము లేదు. సేన పాఱెను అని చూచినవాఁడు ననును, విన్నవాఁడు ననును. వినికిడిని దెలుపవలసినచో ‘అఁట’ యను మాటను జేర్పవలయును. ఆంగ్లక్రియకును ఇట్టి భేదము లేదు. కావున రస్సెల్ తాను వినినదానికి వేఱుమాటలతో గుఱుతు పెట్టెనా లేదా యని పరీక్షించుటయే యతని లేఖలకుఁ దగిన విమర్శ.

1854 అక్టోబరు 25వ తేదీని జరిగిన బాలక్లావా యుద్ధమును వర్ణించు లేఖ నవంబరు 14వ తేదీని వెలువడెను. ప్రధానసేనాని రాగ్లను ప్రభువు పరివారము నిలిచిన మిట్టలనుండి రస్సెల్ లోయను జూచెను. లైటు బ్రిగేడను నశ్వదళము 11 గంటల 10 నిమిషములకు ఫిరంగులపైకి సాగెననియు, 11 గంటల 35 నిమిషములకు సర్వము ముగిసెననియు నిమిషములతోఁగూడ వ్రాసెను. ఇది ప్రత్యక్షము. కాని యా దాడికి మూలమైన యాజ్ఞను దెచ్చిన కెప్టెను నోలనునకును, అశ్వసేనాధిపతి యగు లూకను ప్రభువునకును నడచిన సంభాషణము లోయలోనిది. మిట్టమీఁదివాని చెవి సోఁకునది కాదు. ఆ సంభాషణమును వ్రాయుచోట రస్సెల్ అది యితరులు చెప్పినదనియు, మాటలు యథాతథములు కాకపోవచ్చుననియు, నోలను మరణించిన పిదప వెలువడిన కథనములకు ననుసారియనియుఁ దెలిపెను. ఒక్కచోట మూఁడు ‘అఁట’లు! నిందపాలగుచున్నవాఁడు మృతుఁడై బదులు చెప్పనేరని యెడ నీ జాగరూకత కేవలము శైలీగుణము గాదు, ధర్మము.

అంతకుముందు సెప్టెంబరు 20వ తేదీని జరిగిన ఆల్మా యుద్ధమున నతఁడు శాకటాయనునివలె నుండెను. ఎచ్చట నిలిచిన నేమి కనఁబడునో తెలియక తిరిగి, పిదప యోధులను బ్రశ్నించి, పరస్పరవిరుద్ధములగు మాటలను సమన్వయించుకొనవలసివచ్చెను. శాకటాయనునకు మనస్సు కూడలేదు, రస్సెల్‌నకుఁ దగిన స్థానము కుదురలేదు, ఫలము సమానమే. ఈ యిబ్బందిని అతఁడు దాఁచలేదు.

ఇఁక దోషము. బాలక్లావాకు ముందరి మిట్టలమీఁది మట్టికోటలను గాచుచుండిన తుర్కీ సైనికులు కొన్ని గుండ్లు పేల్చి పాఱిపోయిరని యా లేఖయే పరిహసించినది. ప్రధానశిబిరమునకు వార్త వచ్చినది యుదయము ఏడున్నరకు. అప్పటికే మొదటి కోట చేజాఱుచుండెనని లేఖలోనే కలదు. కావున నా కోటలోని పోరును రస్సెల్ చూడలేదు. అతనికిఁ గనఁబడినది పలాయనము. తమకంటెఁ బెక్కురెట్లు బలముగల రష్యాసేనను వారు గంటకుఁ బైఁగా నిలువరించి, పెక్కుమందిని గోల్పోయిరని తరువాతి చరిత్రకారులు నిర్ణయించిరి. లిట్టునకుఁ దగినచోట లఙ్ ప్రయోగించిన దోష మిది. శబ్దదోషమైనచో దిద్దుకొని యూరకుండవచ్చును. దీనివలన నొక సేనకుఁ బిఱికితనపు మచ్చ చిరకాలము నిలిచినది.

పాఠభేద మొకటియుఁ గలదు. ఆనాఁడు రష్యా గుఱ్ఱపుదళమును నిలిపిన 93వ హైలాండరు పటాలమును మొదటి లేఖ యెఱ్ఱని సన్నని ‘చాఱ’గాఁ జెప్పినది. తరువాతి గ్రంథమున నా చాఱ ‘పంక్తి’ యయ్యెను. లోకమున వ్యాపించిన పాఠము రెండవదే. దూరమునుండి కన్ను గ్రహించినది చాఱ. పంక్తి స్మృతి దిద్దినది. సాక్ష్యమును వెదకువానికి మొదటిదే గ్రాహ్యము.

చదువరుల దోషమును లేకపోలేదు. స్కూటరీ వైద్యశాలలలో క్షతగాత్రులు పడిన యిడుములను వెల్లడించిన కీర్తిని లోకము రస్సెల్‌నకే కట్టినది. 1854 అక్టోబరునందు వెలువడిన యా లేఖలు కాన్‌స్టాంటినోపిలునందుండిన తామస్ చెనరీవి. అతఁడు అరబ్బీ పండితుఁడు, తరువాత ఆక్స్‌ఫర్డునందు ఆచార్యుఁడు. ఫ్లారెన్సు నైటింగేలు ఆ నెల 21వ తేదీని బయలుదేఱుటకు ముందు జనమును గలఁచినవి యా లేఖలు. సెవాస్టొపోలుముందఱ హేమంతమున సైనికులు పడిన పాట్లను రస్సెల్ కన్నులారఁ జూచి వ్రాసెను. 1855 జనవరి 29వ తేదీని ప్రజాప్రతినిధిసభ 305 సమ్మతులతో, 148 ప్రతిసమ్మతులతో విచారణను గోరఁగా అబర్డీను మంత్రివర్గము పడిపోయెను. ఆ ఫలమును గూర్చిన సాక్షులు పలువురు. వారినందఱ నొక్కపేరఁ గలుపుట చెనరీకి నన్యాయము, రస్సెల్‌నకు వృథాభారము.

1858లో రస్సెల్ మనదేశమునకు వచ్చి, మార్చిలో లక్నో పట్టువడుటను జూచెను. సిపాయిల దౌష్ట్యములనుగూర్చి యింగ్లాండునఁ బ్రచారమునందున్న యంగచ్ఛేద కథలకుఁ జూచినవాని నతఁడు వెదకి, సాక్షిని గానక, వాని నిజమును శంకించెను. తనవారు జరపిన ప్రతీకారక్రౌర్యమును దాఁచలేదు. 1860లోఁ బ్రకటించిన దినచర్య యిందుకు నిదర్శనము. తుర్కులయెడ లోపించిన వివేక మిచ్చటఁ బరిపక్వమైనది.

ఇతనిని సంజయునితోఁ బోల్చుట సుకరమే కాని సమంజసము గాదు. వ్యాసుఁ డొసఁగిన దివ్యదృష్టిచే సంజయునకుఁ బరులమనస్సులోని తలఁపును గోచరము. అతనికిఁ బరోక్షమే లేదు. రస్సెల్‌నకుఁ గలవి మానవనేత్రములు, మిట్టమీఁది యొక చోటు, పొగలోఁ దోఁచినంత దృశ్యము. తన చూపున కెల్ల యెచ్చటనో తెలిపినంతవఱకే యతఁడు ప్రమాణము. తెలుపనిచోట నతఁడును విన్నవారిలో నొకఁడు. యుద్ధలేఖను బాఠశాలలోఁ జదివించు పండితుఁడు ప్రతివాక్యమునకు నిది లఙ్ఙా, లిట్టా యని శిష్యుని నడుగవలయును. తుర్కీ కోటను గూర్చి 1854లోనే యా ప్రశ్న వేసినవారుండినచో నా సైనికులకు న్యాయము శీఘ్రముగా లభించియుండెడిది.