లేజర్ కరిగించునది దేనిని?

లేజర్ కాంతి కొవ్వును కరిగించునని ప్రకటనలు చెప్పుచున్నవి. ఈ ‘కరుగుట’ యను మాటను కొంచెము పరీక్షింపవలసియున్నది. చలికి పేరుకొన్న నెయ్యి వేడికి కరుగును, నిజమే. కాని మానవుని కొవ్వు శరీరోష్ణత 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ముందే నూనెవలె ద్రవరూపమున నుండును! కణత్వచములలో బంధింపబడుటచేత ముద్దవలె తోచును, అంతే.

వైద్యులు ముందుగా ఉప్పునీటిలో లిడొకేయిన్, ఎపినెఫ్రిన్ కలిపి చర్మము క్రిందికి ఎక్కింతురు. మొదటిది నొప్పి తెలియనీయదు. రెండవది రక్తనాళములను సంకోచింపజేసి రక్తస్రావమును తగ్గించును. (అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రకటించిన ఈ పద్ధతియే, నా దృష్టిలో, లేజర్ కంటె పెద్ద ముందడుగు.) పిదప చిన్న రంధ్రముగుండ సన్నని కాంతితంతువును దూర్తురు. తరచుగ వాడు 1064 నానోమీటర్ల పరారుణకాంతి ఉష్ణముగా మారి కణత్వచములను పగుల్చును. కారిన నూనెను గొట్టముతో పీల్తురు. వేడి మితిమీరినచో చర్మము కాలును.

ఖర్చు మాటయు ఇట్టిదే. అమెరికా ప్లాస్టిక్ సర్జనుల సంఘము ప్రకటించు సగటు రుసుము శస్త్రవైద్యునిది మాత్రమే. మత్తు, ఆపరేషను గది, మందులు, బిగుతు వస్త్రములు వేరు. సౌందర్య చికిత్స గనుక బీమా సాధారణముగ వర్తింపదు.

ఇంత సొమ్ము పోసి మధుమేహము తగ్గునని ఆశించువారును కలరు. 2004లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో 15 మంది స్థూలకాయ స్త్రీలనుండి, లేజర్ లేని పద్ధతిన, మనిషికి దాదాపు 10 కిలోల కొవ్వు తీసిరి. పది పండ్రెండు వారముల పిమ్మట చూడగా రక్తపోటు, రక్తములోని చక్కెర మారలేదు. తీసినది చర్మము క్రింది కొవ్వు. పేగులచుట్టు చేరినదానిని ఆ గొట్టము తాకనే తాకదు.