కోపాన్ని తాళంలో నిలిపిన నలుగురు

రేజ్ అగెన్‌స్ట్ ద మెషీన్ తొలి ఆల్బమ్ 1992 నవంబర్లో వచ్చింది. ఆల్బమ్ పేరూ బ్యాండ్ పేరే. ఈ రికార్డింగులో శాంపిళ్ళు, కీబోర్డులు, సింథసైజర్లు ఏవీ వాడలేదని దాని లోపలి కాగితం మీద పనిగట్టుకుని అచ్చు వేయించారు. వినకముందు చదివితే అది అక్కర్లేని గొప్పలా కనిపిస్తుంది. విన్నాక మాత్రం ఆ మాట రాయకపోతే జనం నమ్మి ఉండేవాళ్ళు కాదనిపిస్తుంది. డీజే రికార్డు గీకుతున్న చప్పుడు, సైరన్, ఈల, తెగి తెగి వచ్చే యంత్రధ్వని, అన్నీ ఈ పాటల్లో ఉన్నాయి. అవన్నీ ఒక్క గిటారు నుంచి వచ్చినవే.

రాక్‌నీ ర్యాప్‌నీ కలపడం వీళ్ళతో మొదలు కాలేదు. 1984లోనే రన్ డీఎంసీ 'రాక్ బాక్స్' పాటలో ఎలక్ట్రిక్ గిటారు మోగించింది. 1986లో అదే బృందం ఏరోస్మిత్‌తో కలిసి 'వాక్ దిస్ వే' పాడింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన బీస్టీ బాయ్స్ 'లైసెన్స్‌డ్ టు ఇల్' బిల్‌బోర్డ్ పట్టికలో ఒకటో స్థానానికి ఎక్కిన మొదటి ర్యాప్ ఆల్బమ్. 1991లో ఆంత్రాక్స్, పబ్లిక్ ఎనిమీ కలిసి 'బ్రింగ్ ద నాయిస్' పాటని మళ్ళీ చేశారు. ఇవన్నీ నాకు ఇష్టమే. కానీ వీటిలో చాలావాటికి అతుకు పైకే తెలుస్తుంది. ఇక్కడిదాకా గిటారు, ఇక్కణ్ణించి ర్యాప్ అని వేలు పెట్టి చూపించొచ్చు. రేజ్ ఆల్బమ్‌లో ఆ అతుకు దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే ర్యాప్ ఎలా పుట్టిందో కాస్త చూడాలి.

హిప్‌హాప్ చరిత్ర చెప్పేవాళ్ళు 1973 ఆగస్టు 11తో మొదలుపెడతారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఆ రోజు డీజే కూల్ హెర్క్ ఒక పార్టీకి పాటలు వేశాడు. పాటలో మిగతా వాద్యాలన్నీ ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోట జనం ఎక్కువగా ఎగురుతున్నారని ఆయన గమనించాడు. అందుకని ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, ఆ ముక్క ఒకదాని మీద అయిపోగానే రెండోదాని మీద అందుకునే పద్ధతి పట్టాడు. డ్రమ్స్ ముక్క అలా తిరుగుతూనే ఉంటుంది, అదే లూప్. దాని మీద మాట సాగుతుంది. తర్వాత ఆ పనిని శాంప్లింగ్ యంత్రాలు చేశాయి. ర్యాప్‌లో సంగీతం ఒకే చోట తిరుగుతుంది, కథని ముందుకు నడిపేది మాట.

రాక్‌లోనూ అలా తిరిగేది ఒకటుంది. అదే రిఫ్, గిటారు మీద పదే పదే వాయించే చిన్న స్వరాల గుంపు. ర్యాప్‌కి లూప్ ఎలాంటిదో రాక్‌కి రిఫ్ అలాంటిది. రేజ్‌లోని ఈ నలుగురూ పట్టుకున్న కీలకం ఇదేనని నా నమ్మకం. అందుకే ర్యాప్ తెచ్చి రాక్ మీద అంటించాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. యంత్రం తిప్పే లూప్‌ని మనుషుల చేతులతో వాయించారు. మనిషి వాయించే లూప్ ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో వస్తుంది, ఒకసారి కొంచెం బరువుగా, ఇంకోసారి కొంచెం ఆలస్యంగా. వినేవాడికి ఆ తేడా చెప్పడం చేతకాకపోయినా, ఒళ్ళు దాన్ని పట్టుకుంటుంది.

గాయకుడు జాక్ డి లా రోచా ఇన్‌సైడ్ ఔట్ అనే హార్డ్‌కోర్ పంక్ బ్యాండులో గొంతు చించుకుని పాడినవాడు. తండ్రి బెటో డి లా రోచా మెక్సికన్ అమెరికన్ చిత్రకారుల బృందం 'లాస్ ఫోర్' సభ్యుడు. గిటారిస్టు టామ్ మొరెల్లో తండ్రి కెన్యా దౌత్యవేత్త, తల్లి టీచర్. అతను ఇల్లినాయ్‌లో పెరిగి, హార్వర్డ్‌లో చదివి, 1986లో పట్టా పుచ్చుకుని లాస్ ఏంజెలెస్ చేరాడు. కొన్నాళ్ళు సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ దగ్గర ఉద్యోగం కూడా చేశాడు. బేస్ గిటారు టిమ్ కమర్‌ఫర్డ్‌ది, డ్రమ్స్ బ్రాడ్ విల్క్‌వి.

ఈ బ్యాండులో డీజే పని తనదేనని మొరెల్లో తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ పని చేయడానికి అతను వాడిన సామాను చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంత తక్కువ. చాలా ఎలక్ట్రిక్ గిటార్లకి తీగల కంపనాన్ని అందుకునే పికప్‌లు రెండుంటాయి. ఏ పికప్ మోగాలో ఎంచుకునేందుకు ఒక చిన్న టోగుల్ స్విచ్ ఉంటుంది. రెండు పికప్‌లకీ విడివిడిగా వాల్యూమ్ నాబ్‌లున్న గిటారులో ఒకదాన్ని సున్నాకి తిప్పేసి, రెండోదాన్ని పూర్తిగా పెంచితే, ఆ స్విచ్ గదిలో లైటు స్విచ్‌లా తయారవుతుంది. ఒక వైపుకి నొక్కితే శబ్దం, ఇంకో వైపుకి నొక్కితే నిశ్శబ్దం. ఇప్పుడు ఒక చేత్తో పికప్‌ల మీదుగా తీగల్ని రుద్దుతూ, రెండో చేత్తో స్విచ్‌ని తాళానికి తగ్గట్టు టకటకా ఆడిస్తే, టర్న్‌టేబుల్ మీద రికార్డు గీకిన చప్పుడే వస్తుంది. 'నో యువర్ ఎనిమీ' మొదట్లో ముక్కలు ముక్కలుగా తెగి వచ్చే ధ్వని ఈ స్విచ్ పనే. 1996లో వచ్చిన రెండో ఆల్బమ్‌లోని 'బుల్స్ ఆన్ పరేడ్'లో ఈ విద్య తారస్థాయికి చేరింది గానీ, దానికి పునాది ఇక్కడే పడింది.

అతని రెండో ఆయుధం కాలి కింద ఉంటుంది. వామ్మీ అనే పెడల్‌ని పాదంతో తొక్కితే వాయించిన స్వరం జారుతూ పై స్థాయికి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. మిగతా గిటారిస్టులు దాన్ని అలంకారానికి వాడారు. మొరెల్లో దాన్నే తాళవాద్యం చేశాడు. 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' సోలోలో చేతి పని కంటే కాలి పనే ఎక్కువ. ఒక్కో దెబ్బకి స్వరం ఎగిరి కీచుమంటుంది, మళ్ళీ కింద పడుతుంది. రోజుకి గంటల తరబడి సాధన చేసి, వేళ్ళ వేగంలో ఎవరికీ తీసిపోని మనిషి అతను. ఆ వేగాన్ని పక్కన పెట్టి శబ్దం వెతుక్కోవడం నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఆ పాటని కొంచెం దగ్గరగా చూడాలి. మొరెల్లో ఒక విద్యార్థికి గిటారు పాఠం చెబుతూ, మందమైన తీగని ఒక స్వరం కిందికి దించి శ్రుతి చేసే పద్ధతి చూపిస్తుండగా ఈ రిఫ్ తట్టిందట. పాఠం ఆపి దాన్ని రికార్డు చేసుకున్నాడు. పాట మొదట గిటారు గట్టి దెబ్బలతో ఎత్తుకుంటుంది. తర్వాత అంతా తగ్గి, బేస్ మీద ఒక నడక, దాని పక్కన డ్రమ్స్ లయ మిగులుతాయి. అప్పుడు అసలు రిఫ్ వస్తుంది. దాంట్లో స్వరాలెంత ముఖ్యమో వాటి మధ్య ఖాళీలూ అంతే ముఖ్యం. మాటలు చాలా కొద్ది. పోలీసు యూనిఫాం వేసుకున్నవాళ్ళలో కొందరికి జాతి విద్వేష ముఠాలతో ఉన్న సంబంధం గురించి ఒక ఆరోపణ, ఆ మీదట ఎదురు తిరగడం, అంతే. చివరికొచ్చేసరికి ధిక్కారంగా ఒకే వాక్యం పదహారుసార్లు వస్తుంది. మొదటిసారి డి లా రోచా దాన్ని దాదాపు గొణుగుతాడు. వెనకాల గిటారు గొంతు నొక్కిపెట్టి కాచుకుని ఉంటుంది. ప్రతి ఆవృత్తికీ గొంతు ఒక మెట్టు ఎక్కుతుంది. డ్రమ్స్ తొందరపడవు. సగం దాటాక వాద్యాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఆ తెరుచుకునే క్షణాన్ని అంతసేపు ఆపి ఉంచడంలోనే పాట బలమంతా ఉంది. అరవడం ఎవరికైనా వస్తుంది. ఎప్పటిదాకా అరవకూడదో తెలిసినవాళ్ళు తక్కువ.

డి లా రోచా ర్యాప్‌లో న్యూయార్క్ ఉద్దండుల నున్నదనం లేదు. ప్రాస కోసం మెలికలు తిప్పడు. పంక్ నుంచి తెచ్చుకున్న గరుకు గొంతుతో మాటని సరిగ్గా డ్రమ్ దెబ్బ మీద వేసి వెంటనే వదిలేస్తాడు. కొందరు విమర్శకులు దీన్ని లోపంగా లెక్కేస్తారు. ఇంత బరువైన రిఫ్ మీద మెలికల ర్యాప్ నిలవదని నా అభిప్రాయం.

నలుగురూ ఊరికే కోపగించుకోలేదు. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి కొట్టిన దృశ్యం వీడియోలో దొరికి దేశమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. నగరం తగలబడింది, 50 మందికి పైగా చనిపోయారు. ఆల్బమ్ వచ్చింది ఆ ఏడాదే. అయితే 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' అల్లర్లు చూసి కట్టిన పాట కాదు. 1991 అక్టోబర్లో ఒక కాలేజీ ఆవరణలో ఇచ్చిన తొలి ప్రదర్శనలోనే దాన్ని మాటల్లేకుండా వాయించారు. ఊరి గాలిలో అప్పటికే ఉన్నదాన్ని వీళ్ళు ముందే పట్టుకున్నారు.

అట్ట మీద బొమ్మ 1963 జూన్ 11న సైగాన్‌లో మాల్కమ్ బ్రౌన్ తీసిన ఫోటో. దక్షిణ వియత్నాం ప్రభుత్వం బౌద్ధుల్ని అణిచివేస్తోందని నిరసనగా థిక్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు నడివీధిలో నిప్పంటించుకుని పద్మాసనంలో కూర్చున్నాడు. మంటల మధ్య ఆయన కదలడు. ఒక మనిషి మరణాన్ని ఆల్బమ్ అట్ట మీద వేయడం న్యాయమేనా అని నేను చాలాకాలం తేల్చుకోలేకపోయాను. పాటలు మళ్ళీ మళ్ళీ విన్నాక, ఆ నిశ్చలత్వాన్ని వాళ్ళు గౌరవంతోనే తీసుకున్నారని, దాన్ని సంగీతంలోకి తేవడానికి నిజంగా కష్టపడ్డారని అనిపించింది.

రికార్డింగు ఎక్కువగా లాస్ ఏంజెలెస్ శివారు వాన్ నైస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో జరిగింది. ఏడాది ముందు నిర్వానా 'నెవర్‌మైండ్' రికార్డు చేసిన చోటే. బ్యాండుతో కలిసి నిర్మాత బాధ్యత మోసింది గార్త్ రిచర్డ్‌సన్. మిక్సింగ్ చేసిన ఆండీ వాలెస్ అంతకు ముందు 'వాక్ దిస్ వే'కీ 'నెవర్‌మైండ్'కీ పనిచేసినవాడు, అంటే రెండు దారులూ తెలిసిన చెవులు. ప్రతి వాద్యం విడిగా, దగ్గరగా, పొడిగా వినిపించడం ఆయన చలవే. 'టేక్ ద పవర్ బ్యాక్'లో కమర్‌ఫర్డ్ బొటనవేలితో బేస్ తీగని కొట్టిన దెబ్బ తగిలినట్టే ఉంటుంది. 'బుల్లెట్ ఇన్ ద హెడ్' మాత్రం డెమో క్యాసెట్టు కోసం చేసిన రికార్డింగే. అది అలాగే ఆల్బమ్‌లోకి వచ్చింది.

పది పాటలూ సమానం కావు. 'ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ స్టీల్'లో కోపం ఉంది గానీ దానికి తగ్గ రిఫ్ లేదు. 'సెటిల్ ఫర్ నథింగ్' నెమ్మదిగా మొదలై, చెప్పదలచుకున్న దుఃఖాన్ని అందుకోకముందే అరుపులోకి దూకేస్తుంది. 'వేక్ అప్' రిఫ్ లెడ్ జెపెలిన్ 'కష్మీర్'కి దగ్గరగా ఉందనే మాట నిజమే. కానీ మాల్కమ్ ఎక్స్, మార్టిన్ లూథర్ కింగ్‌ల మీద ఎఫ్‌బీఐ నిఘా గురించి ఆ పాట మాట్లాడే తీరు చూశాక ఆ పోలిక నన్ను ఇబ్బంది పెట్టలేదు. 1999లో 'ద మేట్రిక్స్' సినిమా చివర వినిపించింది ఈ పాటే.

పెట్టుబడిని తిట్టే బ్యాండు సోనీవాళ్ళ ఎపిక్ కంపెనీకి ఎందుకు పాడిందని మొదటి రోజు నుంచీ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఎక్కువ మందికి చేరాలంటే పెద్ద దుకాణంలోనే ఉండాలని బ్యాండు జవాబు. నేను ఈ జవాబు వైపే మొగ్గుతాను. చిన్న కంపెనీ అయితే ఆ క్యాసెట్లు కాలిఫోర్నియా దాటి ఎంత దూరం వెళ్ళేవో చెప్పలేం. 2009 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. ఏటా టీవీ పోటీ విజేత పాటే ఒకటో స్థానానికి రావడంతో విసిగిన ఒక జంట 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' కొనండని ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చింది. ఆ వారం 5 లక్షల డౌన్‌లోడ్లు అమ్ముడై, పదిహేడేళ్ళ పాత పాట క్రిస్మస్ నంబర్ వన్ అయింది. బ్యాండు 2010 జూన్ 6న లండన్ ఫిన్స్‌బరీ పార్కులో ఉచితంగా కచేరీ చేసి ఆ రుణం తీర్చుకుంది.

వీళ్ళ తర్వాత ఈ దారిలో చాలామంది నడిచారు. వాళ్ళలో ఎక్కువమంది హోరు తీసుకుని విషయాన్ని వదిలేశారు. మన ఇంజనీరింగ్ హాస్టళ్ళకి ఈ కలయిక చేరింది ముఖ్యంగా లింకిన్ పార్క్ ద్వారా. 2000లో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' రేజ్‌కి సరిగ్గా ఎదురు దారి పట్టింది. వీళ్ళు దూరం పెట్టిన టర్న్‌టేబుళ్ళు, శాంపిళ్ళు అందులో నిండుగా ఉన్నాయి. కోపం కూడా వీధిలోంచి ఇంట్లోకి, మనిషి లోపలికి వెళ్ళింది. దాని విలువ దానికుంది.  అక్కణ్ణించి వెనక్కి నడిచి రేజ్‌ని చేరుకున్న తెలుగు కుర్రాళ్ళు కూడా ఉన్నారు.

ఆల్బమ్‌లో చివరి పాట 'ఫ్రీడమ్'. నెమ్మదిగా మోగే భాగాలూ విరుచుకుపడే భాగాలూ దీంట్లో ఎన్నిసార్లు మారినా తాళం సడలదు. 'బుల్లెట్ ఇన్ ద హెడ్' తర్వాత నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. 'ఫ్రీడమ్' వీడియోలో లెనర్డ్ పెల్టియర్ కేసు వివరాలు తెర మీద వస్తాయి. ఆయన అమెరికా ఆదివాసీ ఉద్యమకారుడు. 1975లో పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్ల హత్య కేసులో రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. విచారణ సవ్యంగా జరగలేదని ఆయన తరఫువాళ్ళు దశాబ్దాలు పోరాడారు. 2025 ఫిబ్రవరిలో, 80 ఏళ్ళ వయసులో, శిక్షని గృహనిర్బంధంగా మార్చాక ఆయన జైలు బయటికొచ్చాడు. ఆ పేరు నేను మొదట చదివింది ఈ పాట వీడియోలోనే.